మారని వెలుగు కోసం ఏడాదిన్నర

"ఏపీ స్టార్స్ అంటే మన రాష్ట్రం వాళ్లా నాన్నా?" అని మా అమ్మాయి అడిగింది, నెమ్మదిగా తిరిగే ఏపీ స్టార్స్‌ని వెతకబోతున్నానని మొదటిసారి ఫోన్‌లో చెప్పినప్పుడు. కాదమ్మా, ఏ అంటే వర్ణపటంలో 'ఏ' (A) అనే తరగతి, పీ అంటే పెక్యూలియర్, అంటే లెక్క ప్రకారం ఉండాల్సినట్టు ఉండని నక్షత్రం అని చెప్పాను. "అయితే మన రాష్ట్రమే" అంది.

నేను గుంటూరులో ఇంటర్ పిల్లలకి ముప్పై రెండేళ్లు ఫిజిక్స్ చెప్పి 2023లో రిటైరయ్యాను. రిటైరయ్యాక మంచి టెలిస్కోపు ఒకటి కొనుక్కోవాలని పాత కోరిక. కానీ మా డాబా ఎక్కితే మూడు వైపులా అపార్ట్‌మెంట్లు, నాలుగో వైపు వీధి దీపం. పౌర్ణమి చంద్రుడు తప్ప ఇంకేదీ సరిగా కనబడదు. ఆ డబ్బులతో పాత కంప్యూటర్ మార్చి, ఇంటర్నెట్ స్పీడు పెంచుకున్నాను. ఆకాశాన్ని రోజూ ఫొటోలు తీసే సర్వేల డేటా ఇప్పుడు ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. డిగ్రీ ఉందా, ఏ సంస్థ అని అడిగేవాళ్లు లేరు. ఇది తెలిశాక నాకు టెలిస్కోపు మీద మోజు పోయింది.

ఈ ఏపీ తారల గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే తర్వాతి గొడవ అర్థం కాదు. సూర్యుడికంటే వేడిగా తెల్లగా ఉండే ఏ తరగతి నక్షత్రాల్లో కొద్ది శాతం ఇలాంటివి. వీటికి బలమైన అయస్కాంత క్షేత్రం ఉంటుంది. భూమిది సుమారు అర గాస్. వీటిది వందల్లో మొదలై వేలల్లోకి పోతుంది. 1947లో హొరేస్ బాబ్‌కాక్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు 78 వర్జినిస్ అనే నక్షత్రంలో మొట్టమొదట ఈ క్షేత్రాన్ని పట్టుకున్నట్టు ప్రకటించాడు. 1960లో ఆయనే హెచ్‌డీ 215441 అనే తారలో 34,000 గాస్ ఉందని చూపించాడు. ఇంత క్షేత్రం పట్టి ఉంచడంతో నక్షత్రం పై పొరలు ఒకదానితో ఒకటి పెద్దగా కలిసిపోవు. కదలని మజ్జిగలో వెన్న పైకి తేలినట్టు క్రోమియం, స్ట్రాన్షియం, యూరోపియం, సిలికాన్ లాంటివి పైకి చేరతాయి. వెన్న తేలిక కాబట్టి తేలుతుంది, వీటిని మాత్రం లోపలి నుంచి వచ్చే కాంతే తోసుకొస్తుంది. పైకి వచ్చినవి అంతటా సమంగా పరుచుకోవు, మచ్చలు మచ్చలుగా పోగవుతాయి. నక్షత్రం తిరుగుతుంటే మచ్చ ఇటు వస్తుంది, అటు పోతుంది. దాంతోపాటు వెలుగు ఒకటి రెండు శాతం హెచ్చుతగ్గులవుతుంది. ఎన్నాళ్లకొకసారి ఆ హెచ్చుతగ్గు తిరిగి వస్తుందో అదే భ్రమణ కాలం. ఆల్ఫా టూ కేనమ్ వెనాటికోరమ్ అనే నక్షత్రానికి 5.47 రోజులు. ఇలాంటి తారలన్నిటికీ దాని పేరే పెట్టారు, ఏసీవీ తారలని.

చాలావాటికి ఇలాగే కొన్ని రోజులు. కొన్నిటికి మాత్రం నెలలు, ఏళ్లు. యాభై రోజులు దాటితే వాటిని అతి నెమ్మది తారలంటున్నారు. నా మనసుకి పట్టింది గామా ఈక్యులియై. శ్రవణ నక్షత్రం మనందరికీ తెలిసిందే కదా, దానికి తూర్పున ధనిష్ఠ, ధనిష్ఠకి కాస్త ఆగ్నేయంగా ఈ గామా. ఊరి బయట చీకట్లో మామూలు కంటికే కనబడుతుంది. శ్రవణమూ ఏ తరగతే, గామా కూడా ఏ తరగతే. శ్రవణం సుమారు తొమ్మిది గంటల్లో తన చుట్టూ తాను తిరిగేస్తుంది. గామా ఒక చుట్టుకి తొంభై ఏళ్లకు పైనే తీసుకుంటుంది. బాబ్‌కాక్ దాని అయస్కాంత క్షేత్రాన్ని 1946లో కొలవడం మొదలుపెట్టాడు. నేనింకా పుట్టలేదప్పటికి. నేను పుట్టి, చదివి, ఉద్యోగం చేసి, రిటైరయ్యి ఇది రాస్తున్నాను, అది ఆ చుట్టే ఇంకా పూర్తి చెయ్యలేదు.

ఒకే రకం నక్షత్రాల్లో ఇంత తేడా ఎందుకో శాస్త్రజ్ఞులు ఇంకా తేల్చలేదు. నక్షత్రం పుడుతున్నప్పుడు చుట్టూ ఉన్న ధూళి పళ్లేనికి అయస్కాంత క్షేత్రం అతుక్కుని బ్రేకు వేసి ఉంటుందని ఒక ఊహ. తేల్చాలంటే ఇలాంటివి ఎన్ని ఉన్నాయో ముందు తెలియాలి. లెక్క తెలియాలంటే వెతకాలి. నెమ్మదిగా తిరిగేవాటిని వెతకడమే కష్టం, ఎందుకంటే వంద రోజులకోసారి మారేదాన్ని పట్టుకోవాలంటే వందల రోజులు విడవకుండా చూడాలి.

ఇక్కడే గోత్యే మాతీస్, డొనాల్డ్ కర్ట్జ్, డేనియల్ హోల్డ్స్‌వర్త్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు 2020లో ఒక తిరకాసు పని చేశారు. టెస్ అనే ఉపగ్రహం 2018 జూలై నుంచి ఆకాశాన్ని 24 డిగ్రీల వెడల్పు, 96 డిగ్రీల పొడవు పట్టీలుగా చూస్తోంది. ఒక్కో పట్టీని 27 రోజులే చూస్తుంది. కానీ ముఖ్యమైన నక్షత్రాలకి రెండు నిమిషాలకొక కొలత ఇస్తుంది, అదీ చాలా నిక్కచ్చిగా. 27 రోజుల్లో వందేళ్ల భ్రమణం ఎలా కనబడుతుంది? కనబడదు. వాళ్లు చూసింది కూడా అదే. ఏపీ తార అని ముందే తెలిసి ఉండి, 27 రోజుల్లో వెలుగు ఏమీ మారకపోతే, అది చాలా నెమ్మదిగా తిరుగుతూ ఉండొచ్చు. హాజరు పట్టీలో ప్రెజెంట్ చెప్పినవాళ్లని వదిలేసి, పలకనివాళ్ల పేర్లు రాసుకోవడమన్నమాట. దక్షిణ భాగపు డేటాలో అలాంటివి 60 తేలాయి.

ముప్పై రెండేళ్లు హాజరు వేసినవాణ్ణి, ఇది నాకు వచ్చిన విద్యే అనుకున్నాను.

మొదటి నెలంతా పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషతో కుస్తీకే సరిపోయింది. లైట్‌కర్వ్ అని ఒక ప్యాకేజీ ఉంది, నక్షత్రం నంబరు ఇస్తే టెస్ డేటా దించి గ్రాఫు గీసి పెడుతుంది. మూడు లైన్ల ప్రోగ్రాం. ఆ మూడు లైన్లకి నేను మూడు వారాలు తీసుకున్నాను. రాత్రి పదింటికి ఫోన్ చేసి ఎర్రర్ మెసేజ్ చదివి వినిపిస్తే మా అమ్మాయి, "నాన్నా, నాలుగో లైన్‌లో స్పేస్ ఎక్కువుంది చూడు" అనేది. స్పేస్ ఎక్కువైతే తప్పేంటి అని నా బాధ. కాగితం మీద మార్జిన్ వదలని పిల్లలకి మార్కులు కోసింది గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

సాధన కోసం ముందు తెలిసినవే చూశాను. ఆల్ఫా టూ గ్రాఫు తెరమీద పడగానే ఒళ్లు పులకరించింది. ఐదున్నర రోజులకొక అల, నీటుగా, టెక్స్ట్‌బుక్ బొమ్మలాగా. తర్వాత గామా ఈక్యులియై గీయించాను. స్కేలు పెట్టి గీసినట్టు అడ్డ గీత. అదే కావలసింది. కానీ ఆ గీత కాస్త మందంగా అనిపించి, ఒక పూట డేటాని పెద్దది చేసి చూస్తే సన్నగా వణుకుతోంది, సుమారు పన్నెండు నిమిషాలకొకసారి. తప్పు చేశానేమో అనుకున్నాను. తప్పు కాదు. ఏపీ తారల్లో కొన్ని ఇలా నిమిషాల లెక్కన గుండెలా స్పందిస్తాయి. ఈ జాతిని 1978లో మొదట పట్టుకున్నది పైన చెప్పిన కర్ట్జే. మన దేశంలోనూ నైనిటాల్ నుంచి దక్షిణాఫ్రికా వాళ్లతో కలిసి ఈ స్పందనల కోసం ఏళ్ల తరబడి వెతికారు. గుండె నిమిషాల్లో కొట్టుకుంటూ ఒళ్లు తిప్పడానికి నూరేళ్లు తీసుకునే ఈ ప్రాణిని చూస్తూ ఆ రాత్రి రెండింటి దాకా కూర్చున్నాను. మా ఆవిడ వచ్చి చూసి, "ఏవండీ, అది కదలట్లేదు కదా, ఇంకేం చూస్తున్నారు?" అంది.

తర్వాత అసలు పని. రెన్సన్, మాన్‌ఫ్రాయిడ్ 2009లో వేసిన పెద్ద కేటలాగ్ ఉంది, ఎనిమిది వేలకు పైగా విచిత్ర తారలు. అందులోంచి ఏపీ రకం, టెస్ డేటా ఉన్నవి నూట పది తీసుకుని రోజుకి నాలుగైదు చొప్పున చూశాను. 23 అడ్డ గీతలు వచ్చాయి. నూట పదికి 23! మనం చాలా గొప్పవాళ్లం అయిపోయాం అనుకుని మా అమ్మాయికి ఫోన్ చేశాను.

నాలుగు రోజుల తర్వాత నిజం తెలిసింది. టెస్ డేటా రెండు రకాలుగా వస్తుంది. ఒకటి ఉపగ్రహం చూసింది చూసినట్టు. అందులో ఉపగ్రహం ఊగడం, చెల్లాచెదురైన భూమి వెలుగు, ఇలాంటి చెత్తంతా ఉంటుంది. రెండోది శుభ్రం చేసినది. పక్కపక్క నక్షత్రాలన్నిటిలో కలిపి కనబడే మార్పుల్ని ఉపగ్రహం దోషమని లెక్కగట్టి తీసేస్తారు. ఉపగ్రహాన్ని పంపింది ఇతర గ్రహాలు నక్షత్రం ముందు నుంచి దాటే చిన్న చిన్న నొక్కుల కోసం కాబట్టి, ఈ శుభ్రత వాళ్లకి మేలే. కానీ మన నక్షత్రం నిజంగానే ముప్పై రోజులకొకసారి నెమ్మదిగా మారుతుంటే, ఆ మెల్లటి వాలు కూడా చెత్తతోపాటు ఊడ్చుకుపోతుంది. మిగిలేది శుభ్రమైన అడ్డ గీత. నేను చూసినవన్నీ శుభ్రం చేసినవే. పాతిక, ముప్పై రోజుల తారలు కూడా నా లిస్టులో వందేళ్లవాటి పక్కన వచ్చి కూర్చున్నాయి.

23ని మళ్లీ మొదటి నుంచి చూశాను. శుభ్రం చెయ్యని డేటా పక్కన పెట్టి, వేరే వేరే పట్టీల్లో అదే నక్షత్రం ఉంటే వాటినీ పోల్చి. తొమ్మిది మిగిలాయి. ఆ తొమ్మిదిలో ఐదు అప్పటికే ప్రచురించినవాటిలో ఉన్నాయి. బాధేసింది, మరోపక్క ధైర్యమూ వచ్చింది. సమాధానం చూడకుండా చేసిన లెక్క పుస్తకం వెనక జవాబుతో కలిసినట్టు. మిగిలిన నాలుగులో రెండు అసలు ఏపీ తారలే కాకపోవచ్చు, పాత కేటలాగ్ పక్కనే ప్రశ్నార్థకం వేసి పెట్టింది, నేనే గమనించలేదు. ఏఎమ్ అని ఇంకో జాతి ఉంది, వాటిలో ఇంత బలమైన క్షేత్రం గానీ ఇలాంటి మచ్చలు గానీ ఉండవు కాబట్టి అవి మారకపోవడంలో వింత లేదు.

ఆఖరి రెండు? ఇక్కడ ఇంకో చిక్కు. తిరిగే బొంగరాన్ని నెత్తిమీద నుంచి చూస్తే దాని పక్క మీద చుక్క వచ్చి పోవడం తెలియదు. నక్షత్రం ధ్రువం మన వైపు తిరిగి ఉంటే అది ఎంత వేగంగా తిరిగినా వెలుగు మారదు. ఇదా, నిజంగా నెమ్మదా అని తేల్చడానికి చాలా సూక్ష్మమైన వర్ణపటం తియ్యాలి. అయస్కాంత క్షేత్రం వర్ణపటంలోని ఇనుము గీతని రెండుగా చీలుస్తుంది. తరంగదైర్ఘ్యం 6149 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర ఉన్న గీత ఇందుకు పేరుమోసింది. నక్షత్రం వేగంగా తిరిగితే గీత అలుక్కుపోయి చీలిక కనబడదు, నెమ్మదైతే రెండు గీతలూ విడివిడిగా నిలబడతాయి. అంత వర్ణపటం తీసే పరికరాలు పెద్ద టెలిస్కోపులకే. అలాంటి నక్షత్రాల్లో కూడా ధ్రువం మన వైపు ఉన్నదెవరో, నిజంగా మెల్లగా తిరిగేదెవరో విడదీయడానికి ఏళ్ల తరబడి క్షేత్రం కొలవాలి. నా కంప్యూటర్ దగ్గర ఈ దారి మూసుకుపోయింది.

నాలుగు నెలలు ఇలా గడిచాక పద్ధతి మార్చాను. 27 రోజుల డేటాలో లేనిదాన్ని ఊహించడం మానేసి, ఏళ్ల తరబడి సాగే డేటాలో ఉన్నదాన్ని పట్టుకుందామని. అందుకు జెడ్‌టీఎఫ్ అనే సర్వే ఉంది. కాలిఫోర్నియాలో పాలొమార్ కొండ మీది 48 అంగుళాల టెలిస్కోపు, ఒక్క ఫొటోలో 47 చదరపు డిగ్రీలు పడుతుంది. అంటే రెండు వందలకు పైగా నిండు చంద్రులు పట్టేంత చోటు. 2018 మార్చి నుంచి ఉత్తరాకాశాన్ని రెండు మూడు రాత్రులకొకసారి ఆకుపచ్చ, ఎరుపు ఫిల్టర్లలో తీస్తోంది. కొలతలు టెస్ అంత సూక్ష్మంగా ఉండవు, ఒక్కో కొలత ఒక శాతం అటూ ఇటూ ఊగుతుంది. కానీ ఏళ్లకి ఏళ్లు వందలకొద్దీ కొలతలు. సగటు తీస్తే చాలు.

మరి జెడ్‌టీఎఫ్‌కి రెన్సన్ కేటలాగ్ తారలు పనికిరావు, అవి మరీ వెలుగైనవి. ఎండలో ఫొటో తీసినట్టు తెల్లగా మాడిపోతాయి. మసకవి కావాలి. చైనాలో షింగ్‌లాంగ్ దగ్గర లామోస్ట్ అని టెలిస్కోపు ఉంది, ఒకేసారి నాలుగు వేల నక్షత్రాల వర్ణపటాలు తీస్తుంది. ఆ డేటాలోంచి 2020లో 1002 అయస్కాంత తారల్ని ఏరి పట్టిక వేశారు. ఏపీ తారల వర్ణపటంలో 5200 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర ఒక గుంట పడుతుంది, దాన్ని పట్టుకుని. ఆ పట్టిక తీసుకుని, మాడిపోనివి ఏరుకుని, ఒక్కోదానికీ జెడ్‌టీఎఫ్ కొలతలు దించి, యాభై రోజుల కంటే పొడుగు అలల కోసం వెతికే ప్రోగ్రాం రాశాను. ఈసారి స్పేసులన్నీ సరిగ్గానే పెట్టాను. జెడ్‌టీఎఫ్ డేటాలో ఈ జాతి కోసం నిపుణులు కూడా వెతుకుతున్నారని నాకు తెలుసు. వాళ్లు వదిలేసిన పరిగె దొరికినా చాలనుకున్నాను.

మొదటి వారంలో దొరికింది ఒక అద్భుతం. మూడేళ్లు నిలకడగా ఉండి, హఠాత్తుగా మూడు శాతం ప్రకాశం పెరిగి అక్కడే నిలబడిన నక్షత్రం. ఆ రోజు అన్నం సహించలేదు. ఇంతవరకూ ఎవరూ చూడని కొత్త జాతేమో! రెండు రోజులయ్యాక తెలిసింది, జెడ్‌టీఎఫ్ ఆకాశాన్ని గళ్లుగా విడగొట్టుకుంటుంది. గళ్ల అంచులు ఒకదాని మీద ఒకటి పడతాయి. అంచున ఉన్న నక్షత్రానికి రెండు గళ్లలో రెండు ఐడీ నంబర్లు, రెండిటి కొలమానంలో కాస్త తేడా. నేను రెండిటినీ ఒకటే అనుకుని కుట్టేశాను. నక్షత్రం మారలేదు, దాని ఇంటి నంబరు మారింది.

రెండోది ఇంకా బాగా మోసం చేసింది. ఆసాస్-ఎస్ఎన్ అని ఇంకో సర్వే ఉంది, చిన్న లెన్సులతో ప్రపంచమంతటా నిలబడి రాత్రిరాత్రీ మొత్తం ఆకాశాన్ని చూస్తుంది. పరీక్ష కోసం అందులో చూస్తే నా నక్షత్రానికి నాలుగు వందల రోజుల అల, చేత్తో గీసినంత స్పష్టంగా. అదే నక్షత్రం జెడ్‌టీఎఫ్‌లో కదలనే కదలదు. ఏది నమ్మాలి? గయా ఉపగ్రహం కొలిచిన స్థానాల పట్టిక తీసి చుట్టుపక్కల చూస్తే 14 ఆర్క్‌సెకన్ల (ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు) దూరంలో ఒక ఎర్రని రాక్షస తార. ఆసాస్-ఎస్ఎన్ పిక్సెల్ ఒక్కొక్కటి 8 ఆర్క్‌సెకన్లు, బొమ్మ ఇంకొంచెం అలుక్కుంటుంది కాబట్టి రెండూ ఒకే ముద్దగా పడుతున్నాయి. ఎర్ర తారలు వందల రోజులకి ఉబ్బి తగ్గడం మామూలే. అల దానిది. జెడ్‌టీఎఫ్ పిక్సెల్ ఒక ఆర్క్‌సెకను, అందుకని అది విడదీసి చూడగలిగింది. ఇక్కడే నాకు ఒళ్లు జలదరించింది: టెస్ పిక్సెల్ 21 ఆర్క్‌సెకన్లు! నేను మొదట్లో "ఇది మారుతోంది, వేగంగా తిరిగేదే" అని కొట్టిపారేసినవాటిలో ఎన్నిటి వెనక పక్కింటివాడి అల ఉందో. వెనక్కి వెళ్లి పోల్చుకుని ఇద్దరిని తిరిగి లిస్టులో పెట్టాను.

మూడో రకం మోసం ఏడాది అల. దాదాపు ప్రతి నక్షత్రమూ ఏటా కొన్ని నెలలు సూర్యుడి వెనక్కి పోతుంది. సీజను మొదట్లో, చివర్లో అది దిగంతానికి దగ్గరగా, మందమైన గాలిలోంచి కనబడుతుంది. దాంతో 365 రోజుల అల ఊరికే పుడుతుంది. చంద్రుడి వల్ల 29న్నర రోజుల అల. ప్రోగ్రాం ఇలాంటివాటికే పెద్ద మార్కులు వేస్తుంది. దీనికి నాకు తెలిసిన మందు ఒకటే. పరీక్షల్లో ఒకడు తప్పు జవాబు రాస్తే వాడి తప్పు. ముందు బెంచీ, వెనక బెంచీ కూడా అదే తప్పు రాస్తే కాపీ. ప్రతి అనుమానపు తార చుట్టూ అదే రంగు, అదే ప్రకాశం ఉన్న ఆరు మామూలు తారల డేటా కూడా దించాను. వాటిలోనూ అదే అల ఉంటే కొట్టేశాను. లిస్టు నలభై నుంచి ఏడుకి దిగింది.

ఆ ఏడింటిలో ఒకటి బ్రహ్మహృదయం (కాపెల్లా) వైపు ఉంది, 13వ మాగ్నిట్యూడ్ దాటిన మసక తార. నంబరు చెప్పను, ఎందుకో చివరికి తెలుస్తుంది. ఆకుపచ్చలో మూడు శాతం, ఎరుపులో రెండు శాతం హెచ్చుతగ్గు. రెండు ఫిల్టర్లనీ విడివిడిగా ప్రోగ్రాంకి ఇస్తే రెండూ ఒకే సమాధానం చెప్పాయి, 610 రోజులు, ఐదారు రోజులు అటూ ఇటూ. పక్క బెంచీల్లో కాపీ లేదు. గయాలో పక్కింటివాళ్లు లేరు. టెస్ పూర్తి చిత్రాల్లోంచి గీసిన వెలుగులో 27 రోజుల్లో కదలిక లేదు. లామోస్ట్ వర్ణపటంలో 5200 గుంట కళ్లకి కనబడుతోంది. 4077 దగ్గర స్ట్రాన్షియం గీత చుట్టుపక్కలవాటికంటే లోతుగా దిగింది.

పాత కేలండరు వెనక లెక్క వేశాను. వ్యాసార్ధాన్ని సూర్యుడి వ్యాసార్ధాల్లో తీసుకుని 50.6తో గుణించి రోజులతో భాగిస్తే భూమధ్యరేఖ లాంటి నడుమ దగ్గర వేగం, సెకనుకి కిలోమీటర్లలో. వ్యాసార్ధం రెండున్నర అనుకుంటే సెకనుకి 0.2 కిలోమీటర్లు. గంటకి 750. విమానం వేగం కూడా లేదు! శ్రవణం నడుము సెకనుకి రెండు వందల కిలోమీటర్ల పైన పరుగెడుతుంది. ఈ సంగతి మా ఆవిడకి చెప్తే, "అంత పెద్దది అంత మెల్లగా తిరగడమే మంచిదిలెండి" అంది. నిజంగా ఆలోచించాల్సిన మాటే.

వెనకటి రికార్డులు ఉంటే బావుండునని హార్వర్డ్ గాజు పలకల డేటా కూడా చూశాను. నూరేళ్ల పాటు తీసిన ఫొటో పలకల్ని స్కాన్ చేసి డాష్ పేరుతో అందరికీ ఇచ్చారు. మన హైదరాబాద్‌లో బేగంపేట నిజామియా అబ్జర్వేటరీ కూడా ఆ రోజుల్లో ప్రపంచ నక్షత్ర పటం కోసం ఇలాంటి గాజు పలకల మీదే ఆకాశాన్ని తీసింది, చాలామందికి తెలియదు. పలకల కొలత పది శాతం అటూ ఇటూ. నాకు కావలసింది మూడు శాతం. లాభం లేకపోయింది.

మారే తారలన్నిటినీ నమోదు చేసే వీఎస్ఎక్స్ అని అంతర్జాతీయ పట్టిక ఉంది. ఎవరైనా పంపొచ్చు, పరిశీలించే మోడరేటర్లు చూసి చేరుస్తారు. గ్రాఫులు, ఐడీలు, లెక్కలు అన్నీ పెట్టి పంపాను. ఎంసెట్ రిజల్ట్స్ రోజు పిల్లల తల్లిదండ్రుల మొహాల్లో చూసిన టెన్షన్ నాకు అప్పుడు అర్థమైంది. పన్నెండు రోజులకి జవాబు వచ్చింది, మర్యాదగా, ఒకే ఒక ప్రశ్న: 610 కాకుండా 1220 కాదని ఎలా అన్నారు?

ఏసీవీ తారల్లో ఒకే చుట్టులో రెండు పొంగులు రావడం మామూలే, నక్షత్రానికి రెండు పక్కలా ఒక్కో మచ్చ ఉంటే. అప్పుడు అల 610 రోజులదే అయినా భ్రమణం 1220. తేడా పట్టుకోవాలంటే ఒక పొంగుకీ దాని పక్క పొంగుకీ ఎత్తులో తేడా ఉందా అని చూడాలి. ఇది నాకు తట్టకపోవడం సిగ్గనిపించింది. క్లాసులో వందసార్లు చెప్పాను, అల ఒకటి కనబడగానే అది పూర్తి అల అనుకోవద్దని.

శిఖరాల తేదీలు వరసగా రాసుకున్నాను. 2018 అక్టోబరు, ఉంది. 2020 జూను, నక్షత్రం సూర్యుడి వెనక ఉంది, డేటా లేదు. 2022 ఫిబ్రవరి, ఉంది. 2023 అక్టోబరు, ఉంది. అంటే 1220 లెక్క నిజమైతే 2018, 2022 పొంగులు ఒక జాతి, 2020, 2023 పొంగులు ఇంకో జాతి. రెండో జాతిలో నా దగ్గర ఒక్కటే ఉంది. అది మొదటి రెండిటి కంటే పొట్టిగానే ఉంది, తేడా అర శాతం కంటే కాస్త ఎక్కువ. సగటు తీసిన తర్వాత కూడా అది నిజమో, కొలత ఊగడమో చెప్పలేను. ఆశగా చూస్తే పొట్టి, చల్లగా కూర్చుని చూస్తే సమానం. మా అమ్మాయికి పంపితే, "నాన్నా, నువ్వు పొట్టి అవ్వాలని కోరుకుంటున్నావు" అంది. కోరుకుంటున్న మాట నిజమే.

మోడరేటర్‌కి ఉన్నది ఉన్నట్టు రాసి, నేనే వెనక్కి తీసుకున్నాను. తర్వాతి శిఖరం 2025 జూనులో, అది మళ్లీ సూర్యుడి వెనకే. ఆ తర్వాతది 2027 ఫిబ్రవరిలో, ఆకాశంలో చక్కగా కనబడే వేళకి. అది పొట్టిదైతే 1220. ఈలోగా రెండు నెలలకొకసారి జెడ్‌టీఎఫ్ కొత్త డేటా విడుదలవుతుంది, దించుకుని చుక్కలు కలుపుతున్నాను.

2027 కేలండరు అప్పటికింకా ఎవరూ అచ్చెయ్యలేదు కాబట్టి తేదీని వంటింటి గోడ మీద పెన్సిల్‌తో రాశాను, గ్యాస్ సిలిండర్ మార్చిన తేదీల కింద. మా ఆవిడ మొన్న దాన్ని చూసి, "ఈ సిలిండర్ ఇన్నాళ్లు వస్తుందా ఏవిటి?" అని అడిగింది.